కోడూ కూడూ: తూము తాళం ఎవరి దగ్గరుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఫలానా కంపెనీని ఫలానా కంపెనీ కొనేసింది, ఇప్పుడు మా గతేంటి అని. ఉద్యోగం, నోటీస్ పీరియడ్, షేర్లు ఇలాంటివి అడిగినవాళ్ళకి విడిగా జవాబులు రాస్తాను. ఈసారి మాత్రం ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ చేరి, జీతం తీసుకునో తీసుకోకుండానో దాన్ని పెంచి పెద్దచేసిన డెవలపర్ల గురించి వచ్చిన ఉత్తరాలకే చోటిస్తున్నాను. ముందు ఒక అమ్మ ఉత్తరం, ఎందుకంటే అందరికన్నా సూటిగా అడిగింది ఆవిడే.

ప్ర: మా అబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలన్నరగా వాడి దగ్గరే ఉంటున్నాను. ఆఫీసు పని అయ్యాక కూడా ఏదో ఓపెన్ సోర్స్ అంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు, దానికి పైసా రాదట. ఇప్పుడు ఆ ఓపెన్ సోర్స్ కంపెనీని ఇంకెవరో కొన్నారని వారంగా మనిషి మనిషిలా లేడు, అన్నం కూడా కెలికి వదిలేస్తున్నాడు. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు కదరా అంటే, "ఉద్యోగం కాదమ్మా, కమ్యూనిటీ పోతుంది" అంటాడు. కమ్యూనిటీ అంటే కులసంఘం లాంటిదా? అందులో వాడిదేం పోయింది?
– ఒక తల్లి, కె.ఆర్.పురం (సొంతూరు మదనపల్లె దగ్గర)

జ: కులసంఘం కాదమ్మా, గొడవల్లో మాత్రం దానికేం తీసిపోదు. మీది మదనపల్లె వైపు అన్నారు కాబట్టి చెరువు లెక్కన చెబుతాను. ఎప్పుడో ఒక ఆసామి చెరువు తవ్వించాడు. నీళ్ళు ఊరందరూ వాడుకోవచ్చని కాగితం రాసిచ్చాడు. తూము ఆయన పొలంలో ఉంది, తూము తీసి నీళ్ళు వదిలే నీరుగంటికి గింజలు కొలిచేదీ ఆయనే. కానీ ఏటా పూడిక తీసింది ఊరు, వానకి గట్టు తెగబోతే అర్ధరాత్రి లాంతర్లు పట్టుకుని వెళ్ళి ఇసుక మూటలు వేసింది ఊరు. అలా పదేళ్ళు గడిచేసరికి అది ఎవరి చెరువో ఆయనా మర్చిపోయాడు, ఊరూ మర్చిపోయింది. ఇప్పుడా ఆసామి ఆస్తి మొత్తం పట్నం మనిషికి అమ్మేశాడు. నీళ్ళు ఊరివే, కాగితం అలాగే ఉంది, దాన్నే వీళ్ళు లైసెన్స్ అంటారు. కానీ తూము తాళం చేతులు మారింది, నీరుగంటి రేపట్నుంచి కొత్త యజమాని మనిషి, చెరువుకున్న పేరు కూడా రిజిస్ట్రేషన్‌లో ఆయనకే పోయింది. నీళ్ళంటే ఇక్కడ కోడ్, ఊరంటే దాన్ని పెంచే డెవలపర్లు, వాళ్ళనే కమ్యూనిటీ అంటారు, నీరుగంటి అంటే ప్రాజెక్టుని చూసుకునే మనిషి. మీవాడు గట్టు మీద మట్టి వేసినవాడు. వాడి బాధ అది.

అన్నం మాత్రం తినమనండి. ఇలాంటి కొనుగోళ్ళలో అసలు సంగతి బయటపడటానికి ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది, అన్నాళ్ళు పస్తుండటం ఎవరి వల్లా కాదు.

ప్ర: ఆరేళ్ళుగా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కోడ్ రాస్తున్నాను. బెంగళూరులో మేం ముప్పై మంది దాకా ఉంటాం, అందులో తెలుగువాళ్ళమే ఎనిమిది మందిమి. నెలకో శనివారం ఆ కంపెనీ ఆఫీసులోనే కలుస్తాం. పోయిన నెల దాన్ని ఒక పెద్ద కంపెనీ కొంది. "ఏమీ మారదు, కమ్యూనిటీయే మా బలం" అని మెయిల్ వచ్చింది. సగం మంది ఇప్పుడే ఫోర్క్ చేసి, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరు కుంపటి పెట్టి, బయటికొచ్చేద్దాం అంటున్నారు, సగం మంది ఆగి చూద్దాం అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో కొట్టుకు చస్తున్నాం. ఏం చేయాలి?
– మారతహళ్ళి నుంచి ఒక డెవలపర్

జ: ఆ మెయిల్ అబద్ధం అని నేననను. రాసినవాడికి ఆ రోజుకి తెలిసింది అంతే. నా సర్వీసులో అలాంటి మెయిళ్ళు మూడు అందుకున్నాను, మూడూ దాదాపు ఒకే మాటల్లో ఉన్నాయి, మూడూ రాత్రి తొమ్మిది దాటాకే వచ్చాయి, అమెరికాలో ఆఫీసులు తెరిచేది అప్పుడే కదా. మొదటిసారి మర్నాడు ఆఫీసులో స్వీటు బాక్సులు పంచారు. ఆర్నెల్ల దాకా నిజంగానే ఏమీ మారలేదు, మెడలో ఐడీ కార్డు తాడు రంగు తప్ప.

తర్వాత ఒక సోమవారం మా పాత బగ్ ట్రాకర్, అంటే కోడ్‌లో తప్పులు రాసిపెట్టే చిట్టా, ఆపేశారు. అందులో కుట్రేం లేదు. రెండు ట్రాకర్లకి ఖర్చెందుకని ఒకటి తీసేశారు, పని మిగిలున్న బగ్గుల్ని కొత్తదాంట్లోకి ఎక్కించారు, మూసేసిన పాతవాటిని వదిలేశారు. మా కోడ్‌లో ఒకచోట నాలుగు లైన్ల వింత లెక్క ఉండేది, దాని పైన ఎవరో రాసిపెట్టిన కామెంట్: "దీన్ని సరిచేయబోకండి, ఎందుకో తెలియాలంటే 4127 చూడండి." ఆ 4127 నంబరు బగ్ ఇప్పుడు లేదు. పదిహేను మంది మూడు వారాలు వాదించుకున్న సంగతి, చివరికి ఒక బ్రెజిల్ కుర్రాడు కనిపెట్టిన కారణం, అన్నీ దాంతోపాటే పోయాయి. ఏడాది తిరక్కుండా కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ నాలుగు లైన్లని చక్కగా సరిచేసింది, ఒక కస్టమర్ బిల్లులన్నీ తప్పాయి. ఆ అమ్మాయిని ఏమంటాం? కమ్యూనిటీ పోవడం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ 4127.

సరే, మీ గ్రూపులో గొడవకి వస్తాను. దీనికి సన్ మైక్రోసిస్టమ్స్ కథ ఒక్కటి చాలు. 2009 ఏప్రిల్‌లో ఆ కంపెనీని 740 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ఒరాకిల్ ప్రకటించింది, 2010 జనవరి చివర్లో చేతులు మారింది. బెంగళూరులో సన్‌కి పెద్ద ఇంజినీరింగ్ సెంటరే ఉండేది, సన్ పుట్టించిన జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఈ ఊరికి బస్సెక్కిన మా తరం తెలుగువాళ్ళకి ఆ కంపెనీ అంటే ఒకలాంటి భక్తి. ఆ ఒక్క ఇంట్లోంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తలోదారి పట్టాయి, అందుకే ఎవరడిగినా నేనీ కథే చెబుతాను.

సన్ వాళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌సొలారిస్‌కి కమ్యూనిటీ ఎన్నుకున్న పాలకమండలి ఒకటి ఉండేది. ఒరాకిల్ వాళ్ళతో మాట్లాడటమే మానేసింది. మాతో మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టండి, లేదంటే మమ్మల్ని మేమే రద్దు చేసుకుంటాం అని వాళ్ళు గడువు పెట్టారు. ఎవరూ రాలేదు. 2010 ఆగస్టులో అన్నంత పనీ చేశారు. కోడ్‌ని ఇల్యూమోస్ అనే పేరుతో కొందరు పట్టుకుపోయారు, అది ఇవాళ్టికీ బతికే ఉంది గానీ మీ ఆఫీసులో ఎవరినైనా అడిగి చూడండి, పేరు విన్నవాళ్ళు దొరకడం కష్టం.

హడ్సన్ కథ వేరు. కోడ్ మారినప్పుడల్లా దానంతటదే బిల్డ్ చేసి టెస్టులు నడిపే సాధనం అది, సన్‌లో పనిచేస్తూ కొసుకే కవగుచి మొదలుపెట్టాడు. ఒరాకిల్ వచ్చిన కొద్ది నెలలకే ఆయన ఉద్యోగం వదిలేశాడు, ప్రాజెక్టు పని మాత్రం ఆపలేదు. కోడ్ ఎక్కడ పెట్టుకోవాలి, మెయిలింగ్ లిస్టులు ఎక్కడుండాలి అన్న దగ్గర పేచీ మొదలైంది. మాకు వీలైనచోటికి మార్చుకుంటాం అని డెవలపర్లు, ఎక్కడికైనా పోండి గానీ హడ్సన్ పేరు మాది అని ఒరాకిల్. 2011 జనవరిలో ఓటు పెట్టుకుంటే పేరు మార్చుకుందాం అన్నవాళ్ళు 214, వద్దన్నవాళ్ళు 14. కొత్త పేరు జెంకిన్స్. సిల్క్‌బోర్డ్ సెంటర్లో నిలబడి రాయి విసిరితే జెంకిన్స్ వాడే ఆఫీసుకే తగులుతుంది. హడ్సన్‌ని తర్వాత ఒరాకిల్ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది, అక్కడే చల్లారిపోయింది. నీరుగంటీ వచ్చేశాడు, ప్లగిన్లు (దానికి తగిలించే అదనపు ముక్కలు) రాసే ఊరూ వచ్చేసింది, వెనక పేరొక్కటే మిగిలింది.

వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు ఉచితంగా చేసిపెట్టే ఓపెన్ఆఫీస్ వాళ్ళు ఏదో ముంచుకొచ్చేదాకా ఆగలేదు. 2010 సెప్టెంబరులో ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని సొంత సంస్థ ప్రకటించి లిబ్రేఆఫీస్ తెచ్చారు. పాత పేరు మాకిచ్చేయండని అడిగితే ఒరాకిల్ ఇవ్వలేదు, పైగా అందులో చేరినవాళ్ళు మా కౌన్సిల్లోంచి తప్పుకోవాలంది. సంస్థ మూలధనానికి 50,000 యూరోలు కావాలని జనాన్ని అడిగితే 8 రోజుల్లో పోగయ్యాయి. ఇవాళ తెలుగు మెనూలతో సహా లిబ్రేఆఫీస్ దొరుకుతోంది. ఓపెన్ఆఫీస్‌ని ఒరాకిల్ 2011లో అపాచీ ఫౌండేషన్‌కి అప్పజెప్పింది, అక్కడ పని అంతంతమాత్రం. అయినా పేరుకున్న బలం చూడండి, మా బావమరిది వాళ్ళ స్కూల్లో పోయినేడాది దాకా దాన్నే డౌన్‌లోడ్ చేసుకుని వాడారు.

ఇక మైఎస్‌క్యూఎల్. దాన్ని పుట్టించినవాళ్ళలో ఒకడైన మాంటీ వైడెనియస్ కూతురి పేరు మై, డేటాబేస్‌కి ఆ పేరే పెట్టాడు. 2008లో ఆ కంపెనీని సన్ దాదాపు 100 కోట్ల డాలర్లకి కొంది. అది ఒరాకిల్ చేతికి పోకూడదని ఆయన యూరప్ అధికారుల దాకా వెళ్ళి పోట్లాడాడు, పని కాలేదు. చిన్న కూతురు మరియా పేరుతో మరియాడీబీ అప్పటికే మొదలుపెట్టాడు. అమ్ముకున్నాక ఏడవడం ఏమిటని నాకూ కొంచెం అనిపించిందనుకోండి. కానీ అందరం భయపడ్డట్టు మైఎస్‌క్యూఎల్ చావలేదు, ఒరాకిల్ దాని మీద మనుషుల్ని పెట్టింది, కొత్త వెర్షన్లు వచ్చాయి, రెండూ బతికాయి. కొన్నవాడు ప్రతిసారీ రాక్షసుడే అవుతాడని కూడా లేదు మరి.

అన్నింట్లోనూ కోడ్ బయటే ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. నీరుగంటి ఎటు వెళ్ళాడు, అతని వెనక ఎంతమంది నడిచారు, వెళ్ళినచోట రేపటి ఖర్చుకి డబ్బుందా అన్నదాన్ని బట్టే కథ మారింది. కాబట్టి ఇప్పుడే ఫోర్క్ చేయకండి. ఫోర్క్ చేయడం ఒక బటన్ పని, పది సెకన్లు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సెక్యూరిటీ లోపాలు సరిచేయాలి, రిలీజులు చేయాలి, రాత్రి రెండింటికి జర్మనీ నుంచి ఎవరో చిరాగ్గా రాసే ఫిర్యాదుకి చిరాకు పడకుండా జవాబివ్వాలి. దీనికి వారానికి పది గంటలు ఇచ్చేవాళ్ళు చేతులెత్తండి అని మీ ముప్పై మందిని అడగండి. నాలుగు చేతులు కూడా లేవకపోతే వాట్సాప్ గొడవ అక్కడికి ఆపేయొచ్చు.

అయితే ఊరికే కూర్చోమని కాదు. బగ్ ట్రాకర్, వికీ, పాత మెయిళ్ళు అన్నింటికీ ఒక కాపీ ఈ వారంలోనే తీసి పెట్టుకోండి, మూసేసిన బగ్గులతో సహా. వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, రిలీజ్ మీద సంతకం చేసే కీ ఎవరి దగ్గరుంది, ప్యాకేజీలు పబ్లిష్ చేసే అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, కాగితం మీద రాయండి. అన్నీ కంపెనీ మనుషులవే అయితే అది మంచి వార్త కాదు, కానీ ఇప్పుడే తెలియడం నయం. కంపెనీ ఇచ్చిన చాట్‌లో తప్ప ఒకరి నంబరు ఒకరికి తెలియని స్థితిలో ఉంటే ముందు నంబర్లు రాసుకోండి. ఇక కొత్త యజమానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: మాతో మాట్లాడే మనిషి ఎవరు, ప్రాజెక్టు పేరుని ఏదైనా ఫౌండేషన్‌కి ఇచ్చే ఉద్దేశం ఉందా అని. జవాబులో ఏం రాశారన్నది తర్వాత, ఎన్ని రోజులకి వచ్చిందో క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

ప్ర: మా ఆఫీసులో నాలుగొందల సర్వర్లు సెంట్ఓఎస్ (రెడ్‌హ్యాట్ కంపెనీ అమ్మే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉచిత నకలు) మీద నడిచేవి. ఐబీఎం రెడ్‌హ్యాట్‌ని కొన్నందుకే సెంట్ఓఎస్ పోయిందని నేను జూనియర్లకి చెబుతుంటాను. మా మేనేజర్ కాదంటాడు. ఎవరు రైటు?
– ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్

జ: తేదీలు మీ వైపే ఉన్నట్టు కనిపిస్తాయి. 3,400 కోట్ల డాలర్ల ఆ కొనుగోలు 2019 జులైలో పూర్తయింది, 2020 డిసెంబరు 8న పిడుగు పడింది. 2029 దాకా వస్తుందని అందరూ లెక్కేసుకున్న సెంట్ఓఎస్ 8కి 2021 చివరితోనే ఆఖరు అన్నారు, ఇకపై సెంట్ఓఎస్ స్ట్రీమ్, అంటే రెడ్‌హ్యాట్ తర్వాతి వెర్షన్‌కి ముందు వచ్చే రకం, వాడుకోమన్నారు. ఆ రాత్రి నాకు తెలిసిన అడ్మిన్లెవరూ నిద్రపోలేదు.

కానీ ఇంకొంచెం వెనక్కి వెళ్ళండి. 2014లోనే సెంట్ఓఎస్ రెడ్‌హ్యాట్ గూటికి చేరింది. ట్రేడ్‌మార్కు అటు వెళ్ళింది, ముఖ్యమైన డెవలపర్లకి జీతాలూ అక్కడి నుంచే. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను, పాపం జీతం లేకుండా చేస్తున్న కుర్రాళ్ళకి ఒక దారి దొరికిందని. తూము తాళం ఇచ్చింది అప్పుడు, తూము కట్టేసింది 2020లో. ఐబీఎం రాకపోయినా ఆ తాళం తిప్పే చెయ్యి అక్కడే ఉంది. మీ మేనేజర్‌కి అర మార్కు ఎక్కువ వేస్తాను.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. సెంట్ఓఎస్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన గ్రెగరీ కర్ట్‌జర్ మళ్ళీ నడుం కట్టాడు, చనిపోయిన తన పాత సహచరుడి పేరుతో సెంట్ఓఎస్‌కి బదులుగా రాకీ లైనక్స్ తెచ్చాడు. క్లౌడ్‌లైనక్స్ అనే కంపెనీ అలాంటిదే ఇంకోటి, ఆల్మాలైనక్స్‌కి డబ్బు పెట్టింది. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్ దారి ఇంకా ఇరుకు చేసింది, ఆ రెండూ ఏదో ఒక సందు వెతుక్కుని నడుస్తున్నాయి. అన్నట్టు, రెడ్‌హ్యాట్ పేరెత్తితే తిట్టేవాళ్ళకి ఒక మాట: లైనక్స్‌లో ఏళ్ళ తరబడి మనం తెలుగు చదువుకున్నది వాళ్ళు ఉచితంగా ఇచ్చిన లోహిత్ ఫాంటుతో కూడా.

ప్ర: సార్, డెవలపర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైటుని మైక్రోసాఫ్ట్ కొన్నాక బాగుపడింది కదా. అంతకుముందు డబ్బులు కట్టాల్సినవి కూడా ఫ్రీ అయ్యాయి. మీ సీనియర్లందరూ కంపెనీ కొన్నారనగానే ఎందుకంత భయపడతారు?
– బీటీఎం లేఔట్ పీజీ నుంచి, ఫైనలియర్

జ: భయపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను నాయనా. 2018 జూన్ 4న 750 కోట్ల డాలర్ల కొనుగోలు ప్రకటించిన రాత్రే నా ప్రాజెక్టులన్నీ మూటగట్టి అలాంటిదే ఇంకో సైటు గిట్‌ల్యాబ్‌కి తోలుకుపోయాను. 2001లో మైక్రోసాఫ్ట్ అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ లైనక్స్‌ని క్యాన్సర్ అన్నది మా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది మరి. నాలుగు నెలల తర్వాత చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చాను, నా కోడ్ చూసేవాళ్ళూ తప్పులు పట్టేవాళ్ళూ అందరూ గిట్‌హబ్‌లోనే ఉన్నారు కాబట్టి. 2019 జనవరిలో ప్రైవేట్ రిపాజిటరీలు (బయటివాళ్ళకి కనిపించకుండా కోడ్ దాచుకునే అరలు) ఉచితం చేశారు. అది మేలే, కాదనను.

అయితే మీరు ఏడాదికి లెక్క చూస్తున్నారు, నేను ఏడేళ్ళకి చూస్తున్నాను. మనందరం అక్కడ పెట్టిన పబ్లిక్ కోడ్ మీద కోపైలట్ అనే కోడ్ రాసే ఏఐకి చదువు చెప్పారు, 2022లో దాన్ని నెలకింతని అమ్మకానికి పెట్టారు, అదే ఏడాది నవంబరులో కొందరు కోర్టుకెక్కారు. 2025 ఆగస్టులో గిట్‌హబ్ సీఈఓ థామస్ డోమ్కే తప్పుకుంటున్నట్టు చెప్పాడు. ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టకుండా, గిట్‌హబ్‌ని మైక్రోసాఫ్ట్ ఏఐ విభాగం కిందికి చేర్చారు. దీనివల్ల చెడు జరుగుతుందని నేను జోస్యం చెప్పడం లేదు. మనల్ని అడగలేదు, అడగాల్సిన పని కూడా వాళ్ళకి లేదు.

ఇంకోటి. గిట్ వేరు, గిట్‌హబ్ వేరు అని మీ ఇంటర్వ్యూల్లో చెప్పే ఉంటారు. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాధనం గిట్. గిట్ పుట్టిందే ఇలాంటి దెబ్బ తగిలి. లైనక్స్ కెర్నెల్ వాళ్ళు అప్పట్లో బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సాధనాన్ని ఉచితంగా వాడుకునేవారు, 2005లో గొడవొచ్చి ఆ కంపెనీ ఉచితం ఆపేసింది, లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే కూర్చుని గిట్ రాసేశాడు. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు చరిత్ర మొత్తం ఉంటుంది, దాన్నెవరూ కొనలేరు. కానీ ఇష్యూలు (బగ్గుల చిట్టా), పుల్ రిక్వెస్టుల (ఈ మార్పు తీసుకోండనే విన్నపాల) కింద జరిగిన వాదనలు, అవి గిట్‌లో ఉండవు, గిట్‌హబ్‌లో ఉంటాయి. పైన నా 4127 కథ చదవకుండా దాటేసి ఉంటే ఒకసారి వెనక్కి వెళ్ళి చదవండి.

ప్ర: నేను కొనుగోలైన కంపెనీలోనే పనిచేస్తున్నాను. నా ఉద్యోగమే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుని చూసుకోవడం, బయటివాళ్ళు పంపిన కోడ్ చూసి తీసుకోవడం. కొత్త మేనేజర్ మంచాయనే, కానీ ప్రతి వారం "ఈ పని వల్ల రెవెన్యూ ఎంత" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకుంటున్నాను. బయటివాళ్ళు పంపిన ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) నలభై దాకా పేరుకుపోయాయి. వదిలేసి వేరే ఉద్యోగం చూసుకోవాలా?
– హెచ్.ఎస్.ఆర్. లేఔట్ నుంచి ఒక ఇంజినీర్

జ: మీరే ఆ నీరుగంటి అమ్మా, మీ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన అడిగింది దుర్మార్గమైన ప్రశ్నేం కాదు, ఆయన పైవాడు ఆయన్ని అదే అడుగుతుంటాడు. "కమ్యూనిటీ అంటే విలువలు" అని చెప్పారంటే తల ఊపి వచ్చే క్వార్టర్‌లో మిమ్మల్ని వేరే టీమ్‌లో వేస్తారు. ఒక శనివారం కూర్చుని లెక్క తీయండి. పోయిన ఏడాది రిలీజుల్లో బయటివాళ్ళు రాసిన మార్పులెన్ని, మనవాళ్ళు పట్టుకోని సెక్యూరిటీ లోపాలు బయటివాళ్ళు ఎన్ని పట్టుకున్నారు, డబ్బు కట్టే కస్టమర్లలో ముందు ఉచితంగా వాడి తర్వాత వచ్చినవాళ్ళెందరు. సేల్స్ వాళ్ళ దగ్గర ఆ చివరిది ఉంటుంది, కాఫీ ఇప్పించి అడగండి. ఒకే పేజీ, మూడే మూడు అంకెలు. ఇంకేం కలపకండి.

ఆ నలభై ప్యాచ్‌ల సంగతి దీనికన్నా అర్జెంటు. పంపినవాడికి "తీసుకోం" అని చెప్పినా కోపం రాదు, ఏమీ చెప్పకపోతేనే మనసు విరుగుతుంది. రోజుకి రెండు చొప్పున, రెండు లైన్ల జవాబైనా రాయండి. నిజం రాయండి: కంపెనీ మారింది, నాకు సమయం తగ్గింది, ఇది మాత్రం వచ్చే నెల చూస్తాను అని. బయటివాళ్ళలో నమ్మకస్తులైన ఇద్దరికి కోడ్ తీసుకునే అధికారం ఇప్పించడానికి ఇదే సమయం, మీ మేనేజర్ మంచాయన అన్నారు కాబట్టి ఇప్పుడైతే ఒప్పుకుంటారు. ఆ పని పూర్తయ్యాక ఉద్యోగం మారాలనిపిస్తే మారండి, ఎవరూ తప్పు పట్టరు. జావాని పుట్టించిన జేమ్స్ గాస్లింగే ఒరాకిల్ వచ్చిన మూడు నెలల్లోపు, 2010 ఏప్రిల్‌లో సంచీ సర్దుకున్నాడు. జావా ఆగలేదు.

ప్ర: ప్రాజెక్టుకి కోడ్ పంపాలంటే ఇప్పుడు ఏదో సీఎల్ఏ మీద సంతకం పెట్టమంటున్నారు. ఇంతకుముందు లేదు. పెట్టొచ్చా?
– వైట్‌ఫీల్డ్ నుంచి

జ: చదివి పెట్టండి. సీఎల్ఏ అంటే మీరు పంపే కోడ్ మీద కంపెనీకి ఏ హక్కులు ఇస్తున్నారో రాసిన ఒప్పందం. అన్నీ చెడ్డవి కావు, ఈ కోడ్ నేనే రాశాను, దొంగిలించలేదు అని చెప్పడంతో సరిపెట్టేవీ ఉన్నాయి. "మీ కోడ్‌ని మేం ఏ లైసెన్స్ కిందైనా ఇచ్చుకోవచ్చు" అనే అర్థం వచ్చే వాక్యం ఉందేమో వెతకండి. అది ఉంటే, ఇవాళ ఓపెన్‌గా ఉన్నది రేపు కాకపోవచ్చు, మీ నుంచి అడ్డు ఉండదు.

సర్వర్లని కోడ్ రాసి ఏర్పాటు చేసుకునే సాధనం టెర్రాఫార్మ్ వాడేవాళ్ళకి ఇది అనుభవమే. హాషీకార్ప్ దాన్ని ఏళ్ళ తరబడి ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఇచ్చి, 2023 ఆగస్టులో పోటీ వ్యాపారాలకి వాడకూడదనే షరతున్న లైసెన్స్‌కి మార్చేసింది. నెలన్నర తిరక్కుండా ఓపెన్‌టోఫు అనే ఫోర్క్ లైనక్స్ ఫౌండేషన్ నీడలోకి చేరింది. ఐబీఎం ఆ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది 2024 ఏప్రిల్‌లో, 640 కోట్ల డాలర్లకి. వరస గమనించారా? లైసెన్స్ ముందు మారింది, కొనేవాడు తర్వాత వచ్చాడు. ఒక్కోసారి ఇల్లు అమ్మకానికి పెట్టేముందే సున్నాలు కొట్టిస్తారు, గోడమీద పిల్లలు గీసిన బొమ్మలు అప్పుడే పోతాయి. ఇది నా అనుమానం, హాషీకార్ప్ వాళ్ళు చెప్పిన కారణం వేరే: మా కోడ్‌తో ఇతరులు వ్యాపారం చేసుకుంటూ మాకేం తిరిగివ్వడం లేదని. అందులోనూ నిజం ఉంది.

మీ ఆఫీసు ఒప్పందంలో మీరు రాసే కోడంతా కంపెనీదే అని ఉంటే, సీఎల్ఏ కన్నా ముందు దాని సంగతి చూసుకోండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ప్ర: కొన్న కంపెనీ మా గ్రూపులో అందరికీ టీషర్టులు, స్టిక్కర్లు పంపింది. వేసుకుంటే లొంగిపోయినట్టా?
– దొమ్మలూరు

జ: గుడ్డ ఎలా ఉంది? కాటన్ అయితే వేసుకోండి. ల్యాప్‌టాప్ మీద పాత స్టిక్కర్ మాత్రం పీకకండి, ఆ పేరుతో ఇంకోటి రాకపోవచ్చు.

ప్ర: పైన మారతహళ్ళి డెవలపర్ గారి గ్రూపే మాది కూడా. ఆయనకి తెలియని కబురు: వచ్చే నెల నుంచి బయటివాళ్ళకి ఆఫీసులోకి ప్రవేశం లేదట, ఇన్సూరెన్స్ కారణమట. శనివారం ఎక్కడ కలవాలి? కాఫీ షాపులో ముప్పై మందిని కూర్చోనివ్వరు, హాలు అద్దెకి డబ్బుల్లేవు.
– ఇందిరానగర్ నుంచి, అదే గ్రూపులో ఇంకొకరు

జ: అయితే మీ క్యాలెండర్‌లో ఆ తేదీ కూడా గుర్తుపెట్టుకోండి.

ఈ ఊళ్ళో ఇది కొత్తేం కాదు. 2001లో లైనక్స్ బెంగళూరు అని మొదలై తర్వాత ఫాస్.ఇన్ అయిన సభకి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు, 2012 తర్వాత అదీ ఆగిపోయింది, ఆ జనం మాత్రం చిన్న చిన్న గుంపులుగా ఎక్కడో ఒకచోట కలుస్తూనే ఉన్నారు. మా గ్రూపుని ఆఫీసులోంచి పంపించేసినప్పుడు మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్ మేడ మీద గది అడిగాం. ఓనర్ గారిది నెల్లూరు. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక మూడున్నర నుంచి రాత్రి టిఫిన్లు మొదలయ్యేదాకా, అంటే ఆరున్నర వరకు వాడుకోమన్నారు. అద్దె వద్దన్నారు గానీ తలా ఒక టీ, ఒక మిరపకాయ బజ్జీ ప్లేటు తీసుకోవాలన్నారు. గోడకి దుప్పటి కట్టి దానిమీద ప్రొజెక్టర్ వేసేవాళ్ళం, కింద వంటింట్లో గ్రైండర్ వేసినప్పుడల్లా మాట్లాడేవాడు ఆగేవాడు. నాలుగేళ్ళు అలా నడిచింది. మీ మారతహళ్ళి మిత్రుణ్ణి ఒకసారి వెళ్ళి కనుక్కోమనండి. మీరనుకుంటున్న శనివారమే అడగండి, ఆదివారం అడక్కండి, ఆ రోజు బిర్యానీకి మేడ మీద కూడా విస్తళ్ళు వేస్తారు.